కాళ్లు లేని కుర్చీలు

కుర్చీలకు కాళ్లు లేవు. ముందు నాకు కనిపించింది అదే, ఒళ్లు మండడం ఆ తర్వాత మొదలైంది, మధ్యలో ఒక్క క్షణం నవ్వు కూడా వచ్చింది, ఎందుకంటే పెళ్లయిన దగ్గర్నుంచీ నాకు ప్రతిదానికీ నవ్వే వస్తోంది, బస్సు హారన్‌కి వస్తోంది, మా ఆయన చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుంటే వస్తోంది, అసలు "మా ఆయన" అనే మాటే నోట్లో తిరిగినప్పుడల్లా బుగ్గలో దాచుకున్న చాక్లెట్టులా ఉంటోంది. ఫొటోలో వెనక వంతెన ఉంది, నిన్న సాయంత్రం మేమిద్దరం పిట్టగోడ మీద కూర్చుని కిందికి రాళ్లు విసిరిన వంతెనే, అప్పుడే కట్టి ముగించినట్టు తెల్లగా ఉంది, దాని ముందు తలపాగాల మేస్త్రీలు నిలబడ్డారు, వాళ్ల ముందు కుర్చీల్లో పెద్దమనుషులు కూర్చున్నారు, మోకాళ్ల మీద చేతులు బోర్లించి, ఊపిరి బిగబట్టి. ఆ మోకాళ్ల దగ్గర ఫొటో అయిపోయింది. కుర్చీ కాళ్లు లేవు, మనుషుల కాళ్లు లేవు, నేల లేదు, వెంటనే ఫ్రేము చెక్క. చెక్కకి ఆనుకుని అడుగున నల్లగా గుండ్రటి రాళ్లలాంటివి వరసగా ఉన్నాయి, సగం సగం, ఒక్కో రాయికీ నడిమధ్యన సన్నటి తెల్ల గీత. వంతెన కట్టగా మిగిలిన రాళ్లేమో అనుకున్నాను. రాళ్లకి గీత ఎందుకుంటుంది? ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా వెళ్లి చూశాను, నా ఊపిరికి అద్దం మసకబారింది, చేత్తో తుడిచాను, అప్పుడు తెలిసింది. అవి పాపిళ్లు. ఆడవాళ్ల తలలు. కుర్చీల ముందు నేల మీద ఒక వరస ఆడవాళ్లు కూర్చున్నారు, వాళ్లలో పాపిట దాకా మాత్రమే ఫొటోలో మిగిలింది.

వాళ్లలో ఒకావిడ నాయనమ్మ అయ్యుండాలి. మా ఆయన నాయనమ్మ, అంటే ఇప్పుడు నాకూ నాయనమ్మే, ఈ వరసలన్నీ నాకు కొత్త చెప్పుల్లా ఉన్నాయి, కాస్త కరుస్తాయి, అయినా నడుస్తున్నప్పుడు కిర్రుమని శబ్దం చేస్తుంటే ముద్దుగా ఉంటాయి. పొద్దున మేం బయల్దేరుతుంటే పిలిచింది. ఆవిడ మెడ పక్కకి తిరగదు, ఎవరితోనైనా మాట్లాడాలంటే ఒళ్లంతా తిప్పాలి, కుర్చీతో సహా తిరిగినట్టు తిరిగి, "ఏమే కొత్తపిల్లా, మ్యూజియం చూడ్డానికి పోతున్నారటగా, అక్కడ నేనున్నాను, చూసిరా" అంది. ఏం చేస్తున్నారు నాయనమ్మా అందులో, అనడిగాను. "చూసొచ్చి నువ్వే నాకు చెప్పు. మీ మామగారిని అడిగితే నిలబడ్డావన్నాడు. మీ అత్తగారేమో నెత్తి మీద తట్ట ఉందంది. ఇదిగో, నీ మొగుడు, బాగున్నావు నాయనమ్మా అన్నాడు. బాగున్నావంటే ఏంటే? బాగోకపోతే మాత్రం చెప్పే మొహమా వీడిది?" మా ఆయన పడీ పడీ నవ్వాడు, నేనూ నవ్వాను, ఆవిడ మాత్రం నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుస్తూ, "ఒక్క గుర్తు చెప్తాను పో. నా ఒళ్లో ఒక ఏడుపుగొట్టు వెధవ ఉంటాడు. మా వాడు కాదు, పక్కింటివాడు. ఎవడో తెలిస్తే పొట్ట పట్టుకుని నవ్వుతావు" అంది. ఆవిడ మోకాళ్లు ఈ మెట్లు ఎక్కవు. పాత పోస్టాఫీసు మీది గది ఇది, మెట్లు నిచ్చెనలా నిలువుగా ఉన్నాయి, నాకే ఆయాసం వచ్చింది, పైగా మధ్యలో మా ఆయన ఆగి వెనక్కి చెయ్యి చాస్తే ఆ చెయ్యి పట్టుకోవడం కోసం లేని ఆయాసం ఇంకొంచెం తెచ్చుకున్నాను. ఆవిడ ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎక్కినవాళ్లందరినీ అడుగుతూనే ఉంది. కనిపించానా, కనిపించానా అని ఎన్నేళ్లుగా అడుగుతోందో, అందరూ కనిపించావనే చెబుతున్నారు, ఒక్కొక్కరు ఒక్కో రకంగా. ఆవిడకి ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. అందుకే అంత మెల్లగా కళ్లజోడు తుడిచింది.

వచ్చినప్పుడు ఈ గది నాకెంత నచ్చిందో! జీతాల్లేకుండా, ఆదివారం మధ్యాహ్నాలు నిద్ర మానుకుని, ఊళ్లోవాళ్లే నడుపుకుంటున్నారు, తలుపు దగ్గర టీచరమ్మ, రిటైరయి చాలా ఏళ్లయిందట, ఇప్పటికీ ముక్కు మీదికి కళ్లద్దాలు జార్చి మనల్ని హాజరు వేసినట్టే చూస్తుంది, "ఫలానా వాళ్ల కొత్తకోడలివి కదూ, రా అమ్మా రా" అంది. నా పేరు ఎవరూ అడగరు ఈ ఊళ్లో, నిన్నటిదాకా అదీ సరదాగానే ఉంది. గోడంతా ఫ్రేములు. బల్లల మీద చేపల వల, తిరగలి, చిమ్నీ పగిలిన లాంతరు, పోస్టుమాను బూట్లు, ప్రతిదాని పక్కనా టీచరమ్మ ముత్యాల్లాంటి రాతతో ఒక అట్టముక్క. ఒకచోట అట్టముక్క ఉంది, వస్తువు లేదు. "ఊరి గుండిగ. వంట సామాను. పెళ్లికి వెళ్లింది" అని రాసుంది. ఎవరి పెళ్లికండీ అనడిగితే టీచరమ్మ కళ్లద్దాల పైనుంచి చూసి, "మీ పెళ్లికే. తోమి పంపిస్తామని మీ అత్తగారు అప్పట్నుంచీ చెబుతూనే ఉంది" అంది. ఎంత నవ్వానో! మ్యూజియంలో ఉండాల్సిన గుండిగలో వండింది మేం తిన్నాం, అది ఇంకా మా పెరట్లో బోర్లించి ఉంది, దాని మీద నిన్న నేను తువ్వాలు ఆరేశాను. ఇంత మంచి మ్యూజియం ప్రపంచంలో ఇంకోటి ఉండదనుకున్నాను. అలా అనుకుంటూనే గోడ దగ్గరికి వెళ్లాను. అప్పుడు కుర్చీలకు కాళ్లు లేవు.

"నాయనమ్మ ఎక్కడ?" అన్నాను. మా ఆయన పక్కకి వచ్చి, చేతులు వెనక కట్టుకుని, తల ఒకవైపు వాల్చి చూశాడు, ఈ భంగిమ నాకు చాలా ఇష్టం, బొమ్మల దుకాణం ముందు నిలబడ్డ పిల్లాడిలా ఉంటాడు. "ఇక్కడే ఎక్కడో ఉంటుందిగా" అన్నాడు. ఎక్కడో అంటే ఎక్కడ? "ఇదిగో, ఈ వెనక..." వేలు తలపాగా చుట్టుకున్న ఒక మీసాలాయన మీద ఆగింది, అక్కడినుంచి జారింది, ఇంకో మీసం మీద ఆగింది. నలుగురిలో ఉన్నప్పుడు మీరు అనాలని, ఇద్దరమే ఉన్నప్పుడు కాలేజీలోలా నువ్వు అనుకోవచ్చని మాకు ఒప్పందం, అది నా గొంతులోంచి ఎప్పుడు జారిపోయిందో తెలీదు, "నువ్వు అసలు చూశావా? ఎప్పుడైనా, ఒక్కసారైనా, ఈ ఫొటో నువ్వు చూశావా?" అన్నాను. టీచరమ్మ కళ్లద్దాలు పైకి తోసుకుంది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకొచ్చారు" అన్నాడు, "ఉందనే అనుకున్నాను. ఉందని ఆవిడే చెప్పింది కదా, లేదని ఎలా అంటాను?" ఇదీ జవాబు! ఉందని ఆవిడే చెప్పింది కాబట్టి ఉంది, ఉంది కాబట్టి చూడక్కర్లేదు, చూడకపోయినా బాగున్నావు అనొచ్చు. నాకూ చెబుతుంటాడు, బాగున్నావు అని, రోజుకి ఎన్నిసార్లో, ప్రతిసారీ నేను మెలికలు తిరిగిపోతుంటాను. చూసే చెబుతున్నాడా?

"ఆ ఫొటోలో ఆడవాళ్లెవరూ లేరమ్మా" అంది టీచరమ్మ మెల్లగా, పాఠం సరిదిద్దుతున్నట్టు. "వంతెన కట్టింది మేస్త్రీలు. కింద రాసే ఉందిగా." రాసే ఉంది. "ఊరి వంతెన నిర్మాతలు. నిలబడినవారు మేస్త్రీలు, కూర్చున్నవారు ఊరి పెద్దలు." ఇది ఎలా తెలిసిందండీ మీకు, అంటే ఫొటో చూసే రాశానంది. ఫొటోని ఫ్రేము కట్టాక చూశారా, కట్టకముందా? కట్టాకే, ఫ్రేములు కట్టే మా ఆయన బాబాయి బిగించి పంపితే రాసి తగిలించానంది. నాకు కోపం నషాళానికి అంటింది. అంటే ఫ్రేములో పట్టిందే చరిత్ర! పట్టనిది జరగలేదు! ఆవిడని పట్టుకుని అద్దం ముందుకి తెచ్చి పాపిళ్లు చూపించాను, ఇది పాపిట కాదా, ఇది, ఇది, రాళ్లు తల దువ్వుకుంటాయా టీచరుగారూ అన్నాను, ఇంత మాట అన్నది నేనేనా అని నాకే ఆశ్చర్యం వేసింది, ఈ ఊళ్లో నా వయసు ఇంకా నెల కూడా నిండలేదు. ఆవిడ చాలాసేపు వంగి చూసింది. నిటారుగా లేచింది. ఫోన్ తీసి, "ఏవోయ్ చేటచెవులూ, పటకారు పట్టుకుని ఓసారి పైకి రా. ఆ, ఇప్పుడే. తిన్నాక కాదు, ఇప్పుడే" అంది.

ఆయన వచ్చేదాకా గోడ చూస్తూ నిలబడ్డాను. చూస్తున్నకొద్దీ మంట పెరుగుతోంది. అన్ని ఫ్రేములూ ఒకే కొలత. ఊరి బడి మొదటి జట్టు, మాస్టారి మెడ కింద చేతులు కట్టుకున్న పిల్లలు, వాళ్ల కింద ఇంకెవరివో రేగిన జుట్టు కొనలు. నాటక సమాజం, రాజుగారి కిరీటం నిండుగా ఉంది, అడుగున హార్మోనియం మీద ఎవరివో వేళ్లు, వేళ్ల తాలూకు మనిషి లేడు. ఊరి పటం, చేత్తో గీసింది, పైవీధి, బడి వీధి, పోస్టాఫీసు, సంత, వంతెన దాకా వచ్చి ఆగింది, వంతెన కింద వాగు ఒడ్డున ఉండే కింది వీధి లేదు, నాయనమ్మ పుట్టిన వీధి, నిన్న మా ఆయన చూపించాడు, గోడల మీద గుమ్మడి పాదులు పాకి ఉన్నాయి, ఒకావిడ మమ్మల్ని పిలిచి మంచినీళ్లు ఇచ్చింది. ఆ వీధి ఉంది, నేను దాని నీళ్లు తాగాను! ప్రతి ఫ్రేములోనూ అడుగున ఉన్నదే పోయింది. ఎవరూ పగబట్టి చెయ్యలేదు, అదే నాకు ఇంకా ఒళ్లు మండిస్తోంది, పగబడితే పోట్లాడొచ్చు, సరిపోలేదండీ అంటే ఏం పోట్లాడతాం? నిన్న వంతెన దాటుతుంటే బస్సులో పక్కావిడ నా భుజం తట్టి, "ఇదిగో మా వంతెన, మూడు వరదలకి చెక్కుచెదర్లేదు" అని సొంత కొడుకు గురించి చెప్పినట్టు చెప్పింది. సాయంత్రం పిట్టగోడకి చెవి ఆనిస్తే కింద నీళ్ల చప్పుడు రాతిలోంచి వినిపించింది, ఇద్దరం చెరో పక్కా చెవి ఆనించి ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ ఎంతసేపు ఉండిపోయామో. ఆ రాళ్లు వాగు అవతలినుంచి నడిచి రాలేదు. ఎవరి తల మీదో ఎక్కి వచ్చాయి. నాయనమ్మ మెడ పక్కకి ఎందుకు తిరగదో నేనెందుకు అడగలేదు, ఇంట్లో ఎవరూ ఎందుకు అడగరు, అదేదో ఆవిడ పుట్టినప్పటినుంచీ అంతే అన్నట్టు అందరూ ఆవిడ ఎదురుగా వచ్చి కూర్చుంటారు, అలవాటుగా, ప్రేమగానే.

మా పెళ్లి ఆల్బమ్ మొదటి పేజీ గుర్తొచ్చింది. నేను తల వంచుకుని ఉన్నాను, చాలా బాగా వచ్చానని అందరూ అన్నారు, నేనూ రోజుకోసారి తీసి చూసుకుంటాను, సిగ్గెందుకు. నా జడ పక్కన ఒక చెయ్యి ఉంది, జారుతున్న పువ్వు సర్దుతూ. మణికట్టు దాకా చెయ్యి, ఆ తర్వాత పేజీ అంచు. ఆ చెయ్యి మా అమ్మది. గాజు పక్కన నూనె చుక్క పడి కాలిన మచ్చ ఉంది, ఆ మచ్చ చూసి గుర్తుపట్టాను. ఆల్బమ్ చూసినవాళ్లెవరూ ఆ చెయ్యి ఎవరిదని అడగలేదు. రేపు నాకో మనవరాలు పుట్టి ఆ పేజీ తిప్పితే, మచ్చ తెలిసినవాళ్లు మిగలకపోతే, ఆ చెయ్యి రాళ్లలాగా ఏదో ఒకటి అయిపోతుంది, పువ్వుల స్టాండో మరొకటో. మా ఆయన నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. మెల్లగా నా చిటికెన వేలు పట్టుకున్నాడు. విడిపించుకున్నాను. ఇది మా మొదటి పోట్లాట అన్న సంగతి అప్పుడు తోచింది, ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలుసు, తువ్వాలు మంచం మీద పడేసినందుకో, సినిమాకి ఆలస్యమైనందుకో వస్తుందనుకున్నాను. నాయనమ్మ పాపిట గురించి వస్తుందనుకోలేదు.

మెట్ల మీద దగ్గు, తర్వాత పటకారు, తర్వాత ఆయన. నిజంగానే చేటల్లాంటి చెవులు, తలకి అడ్డంగా నిలబడి ఉన్నాయి, ఒక చెవి మీద పెన్సిలు, జేబులో కొలతల టేపు. మా ఆయనకి బాబాయి వరస, కాబట్టి నాకు మామయ్య. "ఏంటమ్మాయ్, ఫ్రేము ఊడిందా? నా ఫ్రేము ఊడదే!" అన్నాడు. ఫొటో కింద భాగం ఏం చేశారు మామయ్యగారూ అన్నాను. ఆయన మొహంలో దాపరికం ఏ కోశానా లేదు. "మడత పెట్టాను. కత్తిరించలేదు! ఆ మాట ఎవరైనా అన్నారా? ఫొటో మీద కత్తెర పెట్టే చెయ్యి కాదిది."

"ఎందుకు మడత పెట్టారు?"

"పట్టకపోతే ఏం చెయ్యమంటావ్? బడి పాత కిటికీలు పీకేస్తుంటే ఆ చెక్కంతా తెచ్చి ఒక్క రోజున అన్ని ఫ్రేములూ కోసిపారేశాను, ఒకటే కొలత. ఫ్రేముకి ఫొటో సరిపోవాలి గానీ ఫొటోకి ఫ్రేము సరిపోవడమేంటి, ఎక్కడైనా ఉందా?"

"మరి పైన ఎందుకు మడవలేదు?"

"పైన వంతెన ఉంది కదా!" అన్నాడు, నేను మరీ చిన్నపిల్లనైనట్టు. "నడుమ పెద్దలున్నారు. కింద ఎవరుంటారు, కూలీలేగా. అయినా నాకేం సరదానా అమ్మాయ్? నాదంటూ ఒక్క చిన్నప్పటి ఫొటో లేదు మా ఇంట్లో. ఫొటో విలువ నాకు తెలీదూ?"

కింద ఎవరుంటారు! ఆయన చెడ్డవాడు కాదు, అంత దూరం నుంచి అన్నం ముందునుంచి లేచి వచ్చాడు, మూతికి ఇంకా తడి ఉంది, ఈ కిటికీ చెక్కకి పాలిష్ కూడా తన చేత్తోనే పెట్టాడు, ఒక్క పైసా తీసుకోలేదట. అదంతా తెలిసి కూడా ఆయన చెవి మీది పెన్సిలు పీకి విరిచేయాలనిపించింది. "విప్పండి" అన్నాను. టీచరమ్మ, "విప్పవోయ్" అంది. ఫ్రేముని బల్ల మీద, పోస్టుమాను బూట్ల పక్కన బోర్లించి మేకులు ఒక్కొక్కటే లాగాడు, ప్రతి మేకూ కీచుమంది, అట్ట తీశాడు, అట్ట కింద ఫొటో వీపు కనిపించింది, అడుగున వెడల్పాటి మడత, ఇస్త్రీ చేసినట్టు అణిగిపోయి. వేలితో ఎత్తబోతే టీచరమ్మ ఆపింది, విరుగుతుంది, మెల్లగా. ఆవిడే రెండు అరచేతులతో, తడి కాగితం విప్పినట్టు విప్పింది. తిప్పి పెట్టాడు.

పైన మేస్త్రీలూ పెద్దలూ కిటికీ ఎండకి వెలిసిపోయి టీ నీళ్ల రంగులో ఉన్నారు, ఏళ్ల తరబడి వెలుగు తిన్న మొహాలు, కొందరికి ముక్కులు కూడా చెరిగిపోయాయి. మడత గీత కింద వరస మాత్రం నల్లగా, నిగనిగలాడుతూ, నిన్న తీసినట్టు ఉంది. వీళ్లని దాచి వీళ్లనే కాపాడింది మడత, దానికి నేను దణ్ణం పెట్టాలా తిట్టాలా? ఆడవాళ్లు. మట్టి కొట్టుకున్న మోచేతులు, నేల మీద పక్కనే చుట్టి పెట్టిన తలగుడ్డలు, ముందుకి చాపిన పాదాలు, పగుళ్లతో సహా కనిపిస్తున్నాయి. అందరూ భయం భయంగా కెమెరా వైపు చూస్తున్నారు. ఒక్కతి తప్ప. నా వయసే ఉంటుంది. మెడ బాగా తిరిగి ఉంది, పూర్తిగా పక్కకి, భుజం దాటి, పక్కనున్నామె ఏదో అంటే వెనక్కి తిరిగి నవ్వుతోంది, పళ్లన్నీ కనిపించేలా, గడ్డం మీద అచ్చం మా ఆయన గడ్డం మీది గుంట. ఒళ్లో ఒక పసివాడు, నోరు తెరిచి ఏడుస్తూ కదిలాడేమో మొహం కాస్త అలికేసింది, చెవులు మాత్రం అలుక్కోలేదు. రెండు చెవులూ తలకి అడ్డంగా, రెండు చిన్న చేటల్లా. పక్కనున్నామె, బక్కపల్చటి మనిషి, వాడి వైపు చెయ్యి చాచి ఉంది, వాడి నోరు మూయించడానికో కన్నీళ్లు తుడవడానికో, చెయ్యీ ఉంది, చెయ్యి తాలూకు మనిషీ ఉంది.

మామయ్య తన చెవి తడుముకున్నాడు, అక్కడున్న పెన్సిలు కింద పడింది, తీసుకోలేదు. "మా అమ్మ బండలు మోసేదని తెలుసు" అన్నాడు, ఆ బక్కపల్చటి మనిషి చాచిన చేతి దగ్గర వేలు పెట్టి. పొట్ట పట్టుకుని నవ్వుతావని నాయనమ్మ అంది. నాకు నవ్వు రాలేదు. పెళ్లయ్యాక మొదటిసారి, నవ్వాల్సిన చోట రాలేదు.

మా ఆయన ఫోన్ తీశాడు. "ఫొటో తీసుకెళ్లి చూపిద్దాం, ఎంత సంతోషిస్తుందో" అన్నాడు. ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాను. "ముందు నువ్వు చూడు. చూసి చెప్పు, మీ నాయనమ్మ ఏం చేస్తోంది?" అతను వంగాడు. చాలాసేపు చూశాడు, మడత పడ్డ చోట కాగితం మీద నీడ పడకుండా తల పక్కకి జరిపి జరిపి చూశాడు, అలా చూడడం నేను మొదటిసారి చూశాను. "నవ్వుతోంది" అన్నాడు. ఇంకా? "మెడ తిప్పి నవ్వుతోంది." "నేను చెప్తాను. ఇంటికెళ్లగానే నేనే చెప్తాను. ఇన్నాళ్లూ చూడలేదని కూడా చెప్తాను" అన్నాడు. చిటికెన వేలు మళ్లీ వెతుక్కుంటూ వచ్చింది. ఉండనిచ్చాను, కానీ నా వేలు మాత్రం ముడవలేదు, ఇంటికెళ్లి చెప్పాక చూద్దాం.

మామయ్య ఉన్నట్టుండి ఫ్రేము లాక్కున్నాడు. "పైన మడిచేద్దాం!" అన్నాడు, మొహం కందగడ్డలా ఉంది. "వంతెన ఊళ్లోనే ఉంది, దాన్ని ఫొటోలో చూడాలా? పెద్దలట పెద్దలు, మడత కింద వాళ్లుంటారు కొన్నాళ్లు!" నిజం చెప్పాలంటే ఆ మాట నాకు ఎంత తియ్యగా తగిలిందో! మోకాళ్ల మీద చేతులు బోర్లించిన ఆ పెద్దమనుషులు అట్టకీ కాగితానికీ మధ్య చీకట్లో, మోకాళ్లు మాత్రం పై అంచున గుండ్రంగా కనిపిస్తూ, రేపు ఎవరో పిల్ల వచ్చి అవి రాళ్లా అని అడిగేలా. ఎంత బాగుంటుంది! ఒక్క క్షణం నా చేతులు కూడా ఫొటో పై అంచు మీదికి వెళ్లాయి. కానీ ఆ వెనక వరసలో మేస్త్రీలున్నారు, వాళ్లకీ ఎక్కడో, కనిపించాడా అని అడిగే మనిషి ఉండే ఉంటుంది.

"వద్దు మామయ్యగారూ. మడతే వద్దు. ఫ్రేము మార్చండి."

ఆయన నా వైపు చూశాడు, టీచరమ్మ వైపు చూశాడు. ఆవిడ అప్పటికే గోడ మీది అట్టముక్క పీకి రెండుగా చించి చేతిలో పట్టుకుని ఉంది. ఊరి పటం కూడా దించుతోంది, దాని వెనక ఎవరి వీధి ఉందో మరి. మామయ్య కింద పడ్డ పెన్సిలు వెతికి తీసుకున్నాడు, జేబులోంచి టేపు లాగాడు, ఇన్నేళ్లలో మొదటిసారి టేపుని చెక్క మీద కాకుండా ఫొటో మీద పెట్టాడు. కొస నా చేతికిచ్చాడు. నేను పై అంచున, వంతెన పిట్టగోడ మీద పట్టుకున్నాను, ఆయన టేపు లాక్కుంటూ కిందికి వచ్చాడు, మేస్త్రీల మీదుగా, మోకాళ్ల మీదుగా, మడత గీత మీదుగా, తన ఏడుపు మొహం దగ్గర కాస్త ఆగి, ఇంకా కిందికి.

"గట్టిగా లాగకమ్మాయ్, కాస్త వదులు" అన్నాడు తలెత్తకుండా. "వాళ్ల పాదాలు కూడా రావాలి."